ఎదురుగా మనిషి

ఆ కారంటే నాకు మొదటి వారం నుంచీ రోతే. కొన్న రోజు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరిగి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, కాదనను. తెల్లటి బండి, లోపల టీవీ అంత తెర, తాళంచెవి బ్యాగులో ఉంటే చాలు, చెయ్యి పెట్టగానే తెరుచుకునే తలుపు. వారం తిరక్కుండానే ఆ సోకు నా నెత్తికొచ్చింది. ఆదోని మార్కెట్ యార్డు ముందు, పత్తి లారీల మధ్య బండి ఆగిపోయింది. తాళంచెవి నా ఒళ్లోనే ఉంది. తెర మీద మాత్రం తాళంచెవి కనబడలేదని అక్షరాలు. వెనక లారీలవాళ్లు హారన్లు మోగిస్తుంటే, ఆ తాళంచెవిని తీసి తెర ముందు ఊపాను, ఇదిగో చూడవే దిక్కుమాలినదానా అని. కాసేపటికి దానంతటదే స్టార్టయింది. ఎందుకు ఆగిందో చెప్పలేదు, ఎందుకు కదిలిందో కూడా చెప్పలేదు.

అది మొదలు. టైరులో గాలి తగ్గిందని పసుపు దీపం వెలుగుతుంది. గాలి పట్టేవాడు కొలిచి, సరిగ్గానే ఉంది మేడమ్ అంటాడు. దీపం మాత్రం ఆరదు. ఏసీ తగ్గించాలంటే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోవాలి, ఎండకు కాలిన తెర వేలికి పలకదు. జిన్నింగు మిల్లుల దగ్గర గాలికి ఎగిరే దూది పింజ వెనక బంపరుకు అంటుకుంటే, వెనక గోడ ఉందని కూతలు పెడుతుంది. రోడ్డుకు వేసిన తారు అతుకును గీత అనుకుని స్టీరింగును తనే పక్కకు లాగుతుంది. మొగుడి మాట, అధికారుల మాట వినీ వినీ అలిసిపోయినదాన్ని, ఇప్పుడు ఈ ఇనప డబ్బా మాట కూడా వినాలా అనిపించేది.

ఇంతకు ముందు మాకొక పాత చిన్న కారుండేది. అద్దం దించాలంటే చేత్తో తిప్పాలి. అది ఆగిపోతే దానికో కారణం ఉండేది. పెట్రోలు అయిపోవడమో, బెల్టు తెగడమో, బ్యాటరీ చావడమో. చెడిపోయినదేదో కంటికి కనబడేది, చేతికి దొరికేది. ఈ కొత్తదానికి జబ్బులు రావు, తిక్క వస్తుంది. తిక్కకు మందేముంది?

నేను ఎమ్మిగనూరులో హైస్కూలు టీచర్ని. చెప్పేది తెలుగు. ముస్లిం ఆడమనిషి పద్యం రాగం తీసి చదివి అర్థం చెబుతుంటే, కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్లు కిటికీలోంచి రెండోసారి తొంగి చూస్తారు. ఇల్లు ఆదోనిలో. చాలా ఏళ్లు బస్సుల్లో నిలబడే తిరిగాను. నలభై దాటాక ఆ పాత చిన్న కారు మీద డ్రైవింగు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తెలిసింది, ఇంటికీ బడికీ మధ్య ఉన్న ఆ కాస్త దారి మాత్రమే నా బతుకులో పూర్తిగా నాదని. ఇంట్లో ఒకరికి చాయ్, ఒకరికి మందు. బడిలో పిల్లలు, పేపర్లు, హెడ్మాస్టరు. కారులో నేనొక్కదాన్నే. అద్దం దించుకుని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా పోయేదాన్ని. ఆ స్టీరింగు నా చేతిలోంచి పోతే నాకేం పోతుందో నాకు బాగా తెలుసు. ఆ సంవత్సరం అది దాదాపు పోయింది.

మా ఆయనకు ఆదోనిలో ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు. మనిషి మంచివాడే. కానీ ఏళ్ల తరబడి ఆ గల్లాపెట్టె ముందు కూర్చుని ఒక మాటకు అలవాటు పడిపోయాడు. ఎవరైనా ఆడమనిషి కాలిపోయిన మిక్సీ పట్టుకుని మెట్లెక్కితే, మూత తీసి చూడకముందే అంటాడు: "మాల్‌లో ఏం లేదమ్మా, మీరే సరిగ్గా వాడలేదు." మాల్ అంటే సరుకు. ఆయన లెక్కలో సరుకు తప్పు చెయ్యదు, చేస్తే గీస్తే మనిషే. మిక్సీని కొంగులో చుట్టుకుని దిగిపోయే ఆ ఆడవాళ్లను చూసి పాపం అనుకునేదాన్ని. నా వంతు కూడా వస్తుందని అనుకోలేదు.

మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. చిప్పగిరి వైపు పల్లెలో పుట్టి పెరిగింది కాబట్టి ఆమెకు ఉర్దూ కంటే తెలుగే నోటికి వస్తుంది. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి, లోకమంతా పొగలో ఉన్నట్టుందనేది. చలికాలం చివర ఒక సెలవు రోజున, ఎమ్మిగనూరులో కళ్ల డాక్టరుకు చూపిద్దామని ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. సీటు బెల్టు మెడకు ఒరుసుకుంటుందని అమ్మ దాన్ని ఎప్పుడూ చంక కిందికి లాక్కునేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఆ రోజుల్లో మా వైపు రోడ్డే కళ్లం. పొలంలో పీకిన ఉలవ కట్టెను తెచ్చి తారు మీద పరుస్తారు. వచ్చే పోయే లారీలు, బస్సులు, ఆటోలు దాని మీదుగా పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. సాయంత్రం కట్టెను పక్కకు లాగి, గింజలు ఊడ్చి, చాటతో చెరిగి మూటలు కట్టుకుంటారు. పోలీసులు వద్దంటారు, రైతులు సరేనంటారు, మర్నాడు మళ్లీ పరుస్తారు. మోటార్‌సైకిళ్లవాళ్లకు ప్రమాదమే, ఒప్పుకుంటాను. అయినా ఆ దారిన బండి తోలేవాళ్లందరికీ అలవాటే. వేగం తగ్గించి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, కట్టె మీదుగా నేరుగా పోనిస్తారు. అవతల గింజలు ఊడ్చేవాళ్లు చెయ్యి ఎత్తుతారు. ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు, రాసుకున్నదీ కాదు.

ఆ రోజు నేనూ అలాగే వేగం తగ్గించి కట్టె మీదికి ఎక్కించబోయాను. అంతలో కారు కీచుమని కూసింది. తెర మీద ఎర్రగా ఒక మనిషి ఆకారం మెరిసి మాయమైంది. నా కాలు ఇంకా బ్రేకు మీద పడనే లేదు, బండి తనంతట తనే బిగుసుకుని నిలబడిపోయింది. బెల్టు నా భుజాన్ని కోసింది. అమ్మ మాత్రం ముందుకు తూలి, ఆమె నుదురు ముందున్న డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. వెనక వస్తున్న మోటార్‌సైకిల్ మా బంపరుకు తగిలి పక్కకు ఒరిగింది. దాని మీదున్నాయనకు దెబ్బలేం తగల్లేదు, లేచి దుమ్ము దులుపుకుని మరీ వచ్చి తిట్టాడు. "ఉట్టి రోడ్లో బ్రేకేస్తారా యాడన్నా? తోలను రాకుంటే ఇంట్లో ఉండల్ల" అన్నాడు.

నేను ముందుకు చూశాను. రోడ్డు దాటుతున్న మనిషి లేడు, కుక్క లేదు, మేక లేదు. ఉలవ కట్టె, దాని చుట్టూ ఎప్పుడూ ఉండే రాళ్లూ, కర్రలూ, గుడ్డపీలికలూ. అంతకు మించి చూసే స్థిమితం నాకు లేదు. అమ్మ నుదుటికి కొంగు అదిమిపెట్టి పట్టుకున్నాను.

"నువ్వు బ్రేకెయ్యలేదు గదా?" అంది అమ్మ. కళ్లు కనబడకపోయినా నా కాళ్ల చప్పుడు ఆమెకు తెలుస్తుంది.

లేదన్నాను.

"మరి ఎవురేసినారు?"

కారే వేసిందన్నాను. "దానికేం పొయ్యేకాలమొచ్చె" అంది అమ్మ. ఆ సంగతి మీద ఆ నెలంతా నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

కళ్ల డాక్టరు దగ్గరికి పోవలసినదాన్ని కుట్లు వేయించడానికి ఆసుపత్రికి పోయాను. సాయంత్రం మా ఆయన అమ్మ నుదుటి కట్టు చూసి నొచ్చుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు, ఏం అడ్డమొచ్చిందని. ఏదీ రాలేదన్నాను. ఏదీ రాకుంటే ఎందుకు బ్రేకు వేశావన్నాడు. నేను వెయ్యలేదన్నాను. ఆయన నా ముఖం కేసి ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కాలిపోయిన మిక్సీ తెచ్చిన ఆడవాళ్ల కేసి చూసే చూపు.

కంపెనీ సర్వీసు సెంటరు కర్నూలులో ఉంది. ఇద్దరం కలిసి పోయాం. లోపల చల్లగా, అద్దంలా మెరిసే నేల, మూలన కాఫీ మిషను. టై కట్టుకున్న ఒకాయన స్టీరింగు కింద తీగ తగిలించి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాసేపు చూశాడు. లేచి వచ్చి చిరునవ్వుతో మా ఆయనతో చెప్పాడు, సిస్టమ్‌లో ఒక్క ఫాల్టు కూడా లేదు సార్ అని. బండి నడిపింది నేను, దెబ్బ తగిలింది మా అమ్మకు, ఆయన మాట్లాడేది మాత్రం సార్‌తో.

ఫాల్టు లేకపోతే మరి బ్రేకు ఎందుకు పడిందని నేనడిగాను. అప్పుడు ల్యాప్‌టాప్ మా వైపు తిప్పాడు. ఇంగ్లీషులో ఉన్న వరసను తెలుగులో చదివి వినిపించాడు. ఎదురుగా మనిషి. బ్రేకు దానంతటదే పడింది. ప్రమాదం తప్పింది.

"మేడమ్ సూసుకోలేదు సార్, బండి సూసుకుంది" అన్నాడు. "పిల్లోడై ఉంటాడు. ఆడుకుంటా అడ్డమొచ్చి మళ్లీ ఉరికిపోయింటాడు."

అక్కడ పిల్లాడెవరూ లేడన్నాను. అది ఉలవ కట్టె అన్నాను. ఆయన వినయంగానే తల ఊపాడు. కెమెరా చూసింది, రాడార్ చూసింది, రెండూ చూశాకే బ్రేకు పడుతుంది మేడమ్ అన్నాడు. మా అమ్మ నుదురు చిట్లడం ఆ ల్యాప్‌టాప్‌లో ఎక్కడా లేదు. మోటార్‌సైకిల్ మనిషి పడిపోవడం లేదు. అందులో ఉన్నదంతా ఆ కారు చేసిన ఘనకార్యమే. చెడిపోయి తప్పు చేసి ఉంటే నాకింత అసహ్యం వేసేది కాదు. తప్పు చేసి దాన్ని పుణ్యం కింద రాసుకుంది చూడండి, అందుకు వేసింది. ఆ తెర మీద ఉమ్మెయ్యాలనిపించింది.

ఆ ఆటోమేటిక్ బ్రేకును తీసెయ్యమని అడిగాను. తీసెయ్యకూడదట. కావాలంటే తెరలో లోపల ఎక్కడో ఆపుకోవచ్చు, కానీ బండి ఆపి మళ్లీ స్టార్టు చేసిన ప్రతిసారీ అది తిరిగి మొదలవుతుందట. మీ మంచికే మేడమ్ అన్నాడు. నా మంచి కోరేవాళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటారు.

తిరుగు దారిలో మా ఆయనే నడిపాడు. గూడూరు దాటాం. తర్వాత మెల్లగా అన్నాడు, ఎవరి బిడ్డో ఏమో, అల్లా కాపాడినాడు అని. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, కంప్యూటరు పిల్లాడన్నాడంటే ఈయన ఆ పిల్లాడికి తల్లినీ తండ్రినీ కూడా పుట్టించేశాడు.

అంతటితో పోలేదు. మా వాళ్లలో గండం గడిచినప్పుడు సద్కా ఇస్తారు, ప్రాణం నిలిచినందుకు పేదలకు దానం. మర్నాడు ఆయన కోడిని కోయించి, మసీదు వెనక సందులో ఉన్నవాళ్లకు పంచి వచ్చాడు. అమ్మ కోసమేమో అనుకున్నాను. కాదు. ఆ పిల్లాడి కోసం, నా చేతిలో చావకుండా బతికిన పిల్లాడి కోసం. లేని పిల్లాడి పేరు మీద కోడి ప్రాణం పోయింది. చుట్టాలు ఫోన్లు చేశారు. కారు ఎంత మంచిదో, ఎంత పెట్టినా తప్పులేదని చెప్పుకున్నారు. నన్ను మాత్రం, కళ్లు పరీక్ష చేయించుకోరాదా అని అడిగారు.

ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనకుండానే తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. కొన్నాళ్లు ఆగు, మనసు కుదుటపడనీ అన్నాడు. మళ్లీ బస్సు. మళ్లీ పై కడ్డీ పట్టుకుని వేలాడటం, టిఫిన్ డబ్బా ఒకరికి తగిలి వాళ్ల చేత చీవాట్లు.

బస్సు ఎక్కడం కాదు నన్ను చంపింది. నాకే అనుమానం రావడం. తెర మీద ఎర్రగా మెరిసిన ఆ ఆకారాన్ని నేనూ చూశాను కదా. చిన్న రెప్పపాటులో నిజంగా ఎవరైనా ఉరికారేమో. అమ్మకు చూపు లేదు, సాక్షి లేదు. బడి గేటు ముందు పిల్లలు అటూ ఇటూ ఉరుకుతుంటే గేటు పట్టుకుని ఆగిపోయేదాన్ని. ఆరో తరగతిలో హాజరు పిలుస్తూ, చొక్కా బయటికి వేలాడేసుకుని నిలబడ్డ ఎవరో ఒకణ్ని చూసి ఎవరి దాకా పిలిచానో మరిచిపోయేదాన్ని. వీడేనేమో అనిపించేది. ఒక యంత్రం తెచ్చి నా తలలో ఒక పిల్లాణ్ని పెట్టేసింది, నేను వాణ్ని రోజూ చంపుతూ తిరిగాను. ఇంట్లో చెప్పుకుంటే, చూశావా, నీ మనసుకే తెలుసు అంటారని చెప్పలేదు.

ఈలోగా అమ్మకు కంటి ఆపరేషను అయింది. కారులో మా ఆయనే తీసుకుపోయి తీసుకొచ్చాడు. ఆ పోయేదీ వచ్చేదీ తెల్లారకముందు, చీకటి పడ్డాక. ఆ వేళల్లో రోడ్డు మీద ఉలవలుండవు.

ఒకరోజు సాయంత్రం బస్సు కిటికీలోంచి ఆ చోటు కనబడింది. ఒకామె గింజలు ఊడుస్తోంది. ఎందుకో తెలియదు, కండక్టరును బతిమాలి దిగిపోయాను. బస్సు వెళ్లిపోయాక రోడ్డు మీద నేనూ ఆమే మిగిలాం. నా వయసే ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టుకుంది. నేనెవరో చెప్పి అడిగాను, ఆ రోజు ఇక్కడ పిల్లలెవరైనా రోడ్డు దాటారా అని.

ఆమె చీపురు ఆపి నన్ను తేరిపార చూసింది.

"తెల్ల కారు నీదేనా? ముందర పెద్దామెకు రక్తం కారతాండె?"

నాదే అన్నాను.

"పిల్లోళ్లని రోడ్డు మిందికి యాడ రానిస్తామమ్మా. ఎవురూ లేరు. మేం ఆ గట్టు మిందనే కూసోనుంటిమి. బాగా వచ్చి వచ్చి, మా బొమ్మను సూసి నిలిసిపాయ నీ కారు. ఏం కారో ఏమో అని నగుకుంటిమి."

ఏం బొమ్మ అన్నాను. ఆమె చీపురుతో చూపించింది. ఊడ్చిన కట్టె వామి పక్కన ఒక దిష్టిబొమ్మ పడుకోబెట్టి ఉంది. తలకు కుండ, కుండకు సున్నంతో కళ్లూ మీసాలూ, అడ్డకర్రకు తొడిగిన బడి యూనిఫారం చొక్కా. వాళ్ల పిల్లాడికి పొట్టిదైపోయిన చొక్కా అట. చేలో పంటకు దిష్టి తగలకుండా చేసిన బొమ్మను, పంటతోపాటు రోడ్డు మీదికీ తెచ్చారు.

"పంట రోడ్డు మిందికి వచ్చినాక బొమ్మెందుకు?" అని అడిగాను.

"కార్లోళ్లు ఉలవ మింద పోకుండా పక్కకు తిప్పుకోని పోతాండారు గదా. అట్ల పోకుండా ఆ పక్క ఈన్ని నిలబెట్నాం. ఈడు ఆడుంటే ఎవురైనా ఇట్ల ఉలవ మిందనే పోవల్ల. బండి తోలేటోనికి ఆ మాత్రం తెల్దా?" అంది. తర్వాత నా మీద జాలిపడి మెల్లగా అడిగింది, "నీకు తెల్దా?"

"నాకు తెలుసు. కారుకు తెలీదు" అన్నాను.

అని అక్కడే రాయి మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. ఆమెకు అది అర్థం కాలేదు, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇన్నాళ్లూ నా తలలో ఉరికిన పిల్లాడు ఒక కుండ, రెండు కర్రలు. ఉలవ మీదుగా పొమ్మని దారి చూపడానికి పెట్టిన బొమ్మను చూసి, ఆగమన్నారనుకుంది ఆ వెధవ కారు. దిష్టి అంటే చూపే కదా, తెలుగు టీచర్ని నాకు ఆ మాట పుట్టుక తెలుసు. చెడ్డ చూపును మోసం చెయ్యడానికి కట్టిన బొమ్మ అది. పల్లెవాళ్ల కళ్లు ఎవరివీ మోసపోలేదు. అంత ఖరీదు పెట్టి కొన్న కళ్లే మోసపోయాయి.

ఫోనులో ఫోటో తీసుకుని ఇంటికి పోయి మా ఆయనకు చూపించాను. వేళ్లతో పెద్దది చేసి, తిప్పి తిప్పి చూశాడు. అంత టెక్నాలజీకి బొమ్మకూ మనిషికీ తేడా తెలియకుండా ఉంటుందా అన్నాడు. ఆమె చూసిందంటున్నాను కదా అన్నాను. ఆమె వాళ్ల ఉలవలను కాపాడుకోవడానికి అంటుంది అన్నాడు. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ ఏం కాలేదు గదా, నువ్వు ఇంక దాన్ని పట్టుకుని ఎందుకు పరేషాన్ అవుతావు అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ చెయ్యి తీసి అవతల పెట్టాను.

కొన్ని రోజులకు అమ్మను మళ్లీ కంటి పరీక్షకు రమ్మన్నారు. ఈసారి పగలే బయల్దేరాం. స్టీరింగు ముందు ఆయన, పక్కన నేను, వెనక సీట్లో అమ్మ నల్ల కళ్లజోడు పెట్టుకుని. బెల్టు సరిగ్గా వేసుకుందో లేదో రెండుసార్లు చూశాను. దూరం నుంచే ఉలవ కట్టె కనబడింది. దాని పక్కన, మధ్య గీతకు కాస్త అవతల, తెల్ల చొక్కా కూడా కనబడింది. చెబుదామా అనుకున్నాను. చెబితే నమ్మే మనిషి అయితే కదా. నోరు మూసుకుని పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నాను.

ఆయనకూ అలవాటైన దారే. వేగం తగ్గించి నేరుగా కట్టె మీదికి పోనిచ్చాడు. కారు కూసింది, తెర ఎర్రబడింది, బండి అలాగే బిగుసుకుని ఆగింది. ఆయన ఛాతీ బెల్టుకు కొట్టుకుని ఊపిరి పోయినంత పనైంది. అదృష్టం, వెనక ఎవరూ లేరు.

"నేను తొక్కలేదు" అన్నాడు. నా వైపు తిరిగి మళ్లీ అన్నాడు, "నేను తొక్కనే లేదు."

వెనక నుంచి అమ్మ నల్ల కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కొత్త కంటితో అద్దంలోంచి చూసింది. కుండ తల, సున్నపు మీసాలు, గాలికి ఆడుతున్న చొక్కా చేతులు.

"ఈ పిల్లోన్నేనా బేటీ నువ్వు సంపబోయింది?" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. ఆయన మాత్రం దిగి, బొమ్మ ముందుకు పోయి, దాని చొక్కా పట్టుకుని చూసి వచ్చాడు. అక్కడే నిలబడి సర్వీసు సెంటరుకు ఫోను చేశాడు. ఇది పనికిరాని మాల్, మాకు అంటగట్టినారు, వాపసు తీసుకోండి అని అరిచాడు. అవతల ఆయన ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడో నాకు వినబడక్కర్లేదు, నేను ముందే విన్నాను.

"పిల్లోడు కాదప్పా, బొమ్మ. నేనే తోలతాండా, నా కండ్లతో సూసి చెప్తాండా గదా. మనిషి చెప్తాంటే ఇనవేం?" అన్నాడు మా ఆయన. ఎండలో ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. అవతలి మనిషి వినయం తగ్గలేదు, ఈయన గొంతు పెరిగింది. చివరికి ఫోను తీసి జేబులో పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చి, నమ్మడం లేదు వాడు అన్నాడు.

అప్పుడు అన్నాను. ఎన్నాళ్లుగానో నాలుక మీద పెట్టుకున్న మాట.

"మాల్‌లో ఏం లేదు. మీరే సరిగ్గా వాడలేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ మాట అన్న రోజు కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. నా మాట మీద నమ్మకం కుదిరి కాదు కదా ఆయన ఫోను చేసింది. తన కాలు బ్రేకు మీద లేదని తనకు తెలిసింది కాబట్టి చేశాడు. నా కాలు లేదని నేను చెబితే, నేను ఆయన భార్యనై ఉండి చెబితే, ఒక ల్యాప్‌టాప్ కంటే తక్కువైంది. కారు మీద రోత అప్పటికే ఉంది. ఆ మధ్యాహ్నం ఆ రోత కాస్త పక్కకు జరిగి, పక్క సీటులోని మనిషి మీద కూడా కూర్చుంది. కాపురం చేస్తున్నంత మాత్రాన ఈ మాట రాయకూడదని లేదు.

చెయ్యి చాపాను. ఆయన తాళంచెవి ఇచ్చాడు. సీట్లో కూర్చుని, తెరలో లోపలికి పోయి ఆ బ్రేకును ఆపేసి, ఉలవ కట్టె మీదుగా నేరుగా పోనిచ్చాను. చక్రాల కింద కాయలు పటపటమన్నాయి. గట్టు మీద కూర్చున్న ఆమె నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను.

ఆ కారు ఇప్పటికీ ఉంది. అమ్ముదామంటాడు, వేరేవాళ్ల నెత్తిన ఎందుకు రుద్దాలంటాను. బండి తోలేది నేనే. ఇంజను స్టార్టు చేసిన ప్రతిసారీ ఆ బ్రేకును ఆపుకోవడం, దాన్ని తిట్టుకోవడం నా దినచర్య అయిపోయింది. మా ఆయన పక్కన కూర్చుంటే, చేలల్లో ఎంత దూరాన దిష్టిబొమ్మ కనబడినా నాకంటే ముందే, "అది బొమ్మ, బొమ్మే, నువ్వు పోనీ" అంటాడు. ఇంట్లో ఎవరు ఆ సంగతి ఎత్తినా, బొమ్మను చూసి కారు ఎలా మోసపోయిందో తనే కథలాగా చెబుతాడు, అందరూ నమ్ముతారు. ఆ చోటే, ఆ చొక్కాయే, నేను చెప్పిన నెలలో మాత్రం వీళ్లందరికీ అది మనిషి.